సేవకుని నేర్పును తెలిపే డిజిటల్ బ్యాడ్జి

పన్నెండేండ్లకొకసారి వచ్చే గోదావరి పుష్కరాలు మరల 2027లో రానున్నవి. ఇట్టి మహాసమ్మేళనాలలో ప్రభుత్వ సిబ్బందికి తోడుగా వేలాదిమంది స్వచ్ఛంద సేవకులు నిలబడడం యాత్రికులందరూ ఎరిగినదే. అందరికీ ఒకే రంగు కండువా, అందరి మెడలోను ఒకే విధమైన గుర్తింపు కార్డు. స్నానఘట్టపు మెట్లపై ఒక వృద్ధుడు స్పృహ తప్పి పడిపోయినాడనుకొందాము. చుట్టూ ఇరువదిమంది సేవకులు ఉన్నారు. వారిలో ప్రథమచికిత్స నేర్చినవారు ఎవరు? ఆగిన గుండెను ఛాతీ నొక్కి ఆదుకొనే సి.పి.ఆర్. పద్ధతిని అభ్యసించినవారు ఎవరు? కార్డు మీద పేరు ఉన్నది, ఛాయాచిత్రం ఉన్నది, ‘సేవకుడు’ అనే మాట ఉన్నది. కావలసిన సమాచారం మాత్రం లేదు. గుండె ఆగిన మనిషి విషయంలో గడిచే ప్రతి నిమిషమూ బ్రతికే అవకాశాన్ని తగ్గిస్తూ పోతుంది కనుక, ఈ లోపం చిన్నది కాదు.

ఇదే లోపానికి రెండవ ముఖం ఒకటి కలదు. పది సంవత్సరాలుగా అన్నదానశాలలో సేవ చేస్తున్న గృహిణిని తలచుకొనండి. ఐదువందలమందిని పంక్తులలో కూర్చుండబెట్టి, వేడి చల్లారకముందే వడ్డన ముగించి, తరువాతి పంక్తికి స్థలం సిద్ధం చేయగల నేర్పు ఆమెకు ఉన్నది. ఏ వంటకం ఎన్ని గంటలు నిలువ ఉండునో, ఏ పాత్రను ఎప్పుడు పక్కన పెట్టవలెనో ఆమెకు తెలుసు. రేపు ఆమె ఒక వసతిగృహంలోనో, ఆసుపత్రి వంటశాలలోనో ఉద్యోగం కోరితే చూపడానికి ఒక్క కాగితమూ ఉండదు. సేవలో నేర్చిన విద్య చదువుగా లెక్కకు రాకపోవడం మన దేశపు సమస్య మాత్రమే కాదు. బడి వెలుపల, సేవ ద్వారా, అనుభవం ద్వారా కలిగిన నేర్పును కూడ గుర్తించే ఏర్పాట్లు చేయవలసినదిగా ఐరోపా సమాఖ్య మండలి 2012 డిసెంబరులో తన సభ్యదేశాలకు సిఫారసు చేసినది.

ఈ రెండు అవసరాలకూ సమాధానంగా కొన్నేండ్లుగా వాడుకలోనికి వచ్చిన సాధనమే డిజిటల్ బ్యాడ్జి.

బ్యాడ్జి అనే వస్తువు మనకు కొత్తది కాదు. కచేరీలలో ఇత్తడి బిళ్ళ ధరించిన ఉద్యోగిని మన పెద్దలు ‘బిళ్ళబంట్రోతు’ అని పిలిచేవారు. అయితే ఆ బిళ్ళ అధికారానికి గుర్తు. ధరించినవానికి ఏమి వచ్చునో అది చెప్పదు. నేర్పును చెప్పే బిళ్ళను లోకానికి అలవాటు చేసినది స్కౌటు ఉద్యమం. ఈత, ముడులు వేయడం, గాయాలకు కట్టు కట్టడం వంటి ఒక్కొక్క విద్యలో పరీక్ష నెగ్గిన బాలునికి ఒక్కొక్క గుడ్డబిళ్ళను చొక్కాచేతిపై కుట్టుకొనే అర్హత ఇచ్చిరి. చేతిని చూచినంతనే ఆ బాలుడు ఏ పనికి అక్కరకు వచ్చునో తెలుస్తుంది. 1950 నవంబరు 7న ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ నేటికీ ఈ పద్ధతిని పాటిస్తున్నది.

కళాశాల విద్యార్థుల జాతీయ సేవా పథకానికి కూడ ఒక చక్కని చిహ్నం ఉన్నది. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలలో ఆ పథకం ప్రారంభమైనది. దాని బిళ్ళపై కనిపించేది కోణార్క సూర్యదేవాలయపు రథచక్రం. చక్రంలోని ఎనిమిది ఆకులు దినంలోని ఇరువదినాలుగు గంటలకు సంకేతం. మన పాత లెక్కలో చెప్పవలెనంటే ఎనిమిది జాములు. ఏ జామునైనను సేవకు సిద్ధమే అని దాని భావం. రెండు సంవత్సరాలలో 240 గంటల సేవ, దానికి తోడు ఒక ప్రత్యేక శిబిరం పూర్తి చేసిన విద్యార్థికి ధ్రువపత్రం ఇస్తారు. అది గౌరవనీయమైన పత్రమే. కాని అది చెప్పేది ప్రధానంగా గంటల లెక్క. ఆ గంటలలో విద్యార్థి ఏమి నేర్చినాడో చదువరికి తెలియదు. డిజిటల్ బ్యాడ్జి పూరించదలచినది ఈ ఖాళీనే.

పైకి చూస్తే డిజిటల్ బ్యాడ్జి ఫోను తెరపై కనిపించే ఒక చిన్న బొమ్మ. దాని విలువ బొమ్మలో లేదు, బొమ్మలో పొదిగిన సమాచారంలో ఉన్నది. ఇచ్చిన సంస్థ ఏది, పొందినవారు ఎవరు, ఏ తేదీన ఇచ్చిరి, దేనిని చేసి చూపినందుకు ఇచ్చిరి, ఎంతకాలం చెల్లుతుంది అనే వివరాలు అందులో ఉంటాయి. చేసిన పనికి సాక్ష్యంగా ఒక ఛాయాచిత్రమో, పరీక్షకుని వ్యాఖ్యో కూడ జోడింపవచ్చును. అమెరికాలోని మొజిల్లా ఫౌండేషన్, మాక్‌ఆర్థర్ ఫౌండేషన్ తోడ్పాటుతో, 2011లో ఈ ప్రయత్నాన్ని లోకానికి ప్రకటించినది. ‘ఓపెన్ బ్యాడ్జెస్’ అనే పేరుతో మొదటి ప్రమాణం 2013లో వెలువడినది. 2017 నుండి దీనిని ఐ.ఎం.ఎస్. గ్లోబల్ అనే సంస్థ నిర్వహిస్తున్నది. నేడు దాని పేరు వన్ ఎడ్‌టెక్. ప్రమాణం అందరికీ ఒక్కటే కావడం వలన ఒక సంస్థ ఇచ్చిన బ్యాడ్జిని మరియొక సంస్థ చదువగలదు. ప్రమాణాన్ని వాడుకొన్నందుకు రుసుము లేదు.

కాగితపు ధ్రువపత్రంపై ఉన్న ముద్ర అసలుదో నకిలీదో తెలుసుకొనడానికి, ఇచ్చిన కార్యాలయానికి ఉత్తరం వ్రాసి వేచియుండవలెను. బ్యాడ్జి విషయంలో ఆ పని క్షణాలలో ముగుస్తుంది. పాత పద్ధతిలో బ్యాడ్జిని తెరచినపుడు అది ఇచ్చిన సంస్థ వెబ్‌సైటులోని దాఖలాతో సరిపోలినదా అని చూస్తారు. కొత్త పద్ధతిలో సంస్థ చేసిన డిజిటల్ సంతకం బ్యాడ్జిలోనే ఉంటుంది. లోపలి ఒక్క అక్షరం మార్చినను ఆ సంతకం చెల్లదు. కార్డు వెనుక క్యూఆర్ కోడ్ రూపంలో దీనిని ముద్రించినచో, స్నానఘట్టం వద్ద పర్యవేక్షకుడు ఫోనుతో చూచి, ఈ సేవకుడు ఏ పనికి తగినవాడో అక్కడికక్కడే నిర్ణయింపవచ్చును. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ‘ఆపద మిత్ర’ పథకం కింద 350 జిల్లాలలో లక్షమంది సేవకులకు శిక్షణ ఇచ్చే పనిని చేపట్టినది. అట్టివారు ఒక ఉత్సవానికి పది జిల్లాల నుండి వచ్చినపుడు, ఒకరి శిక్షణ మరియొకరికి తెలిసే మార్గం ఉంటేనే దాని ఫలం యాత్రికునికి అందుతుంది.

ఇంతవరకు చెప్పినది యంత్రం చేసే పని. అసలు కష్టమైన పని మనుష్యులది. అది బ్యాడ్జికి అర్హతను వాక్యంగా వ్రాయడం. ‘ప్రథమచికిత్స శిక్షణకు హాజరైనారు’ అని వ్రాస్తే ఆ బ్యాడ్జి నిరుపయోగమే. వెనుక వరుసలో కూర్చుండి నిద్రించినవారికి కూడ హాజరు పడుతుంది. దానికి బదులుగా, ‘శిక్షణ బొమ్మపై నిమిషానికి 100 నుండి 120 మార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గని లోతుకు, రెండు నిమిషాలపాటు ఛాతీని నొక్కి పరీక్షకుని ఎదుట చూపినారు’ అని వ్రాసినచో, చదివిన వైద్యునికి ఆ సేవకుని యోగ్యత స్పష్టంగా తెలుస్తుంది. అన్నదానశాలకు, వరుసల నియంత్రణకు, తప్పిపోయిన పిల్లలను తల్లిదండ్రులకు చేర్చే కేంద్రానికి ఇదే రీతిలో, చేసి చూపదగిన పనులను ఏరి వ్రాయవలెను. బధిరులతో సైగలభాషలో మాట్లాడడం, చక్రాల కుర్చీని వాలుదారిలో సురక్షితంగా నడపడం వంటివి చిన్న పనులుగా కనిపిస్తాయి కాని, ఆ అవసరం కలిగిన యాత్రికునికి అవే పెద్దవి.

గడువు కూడ ముఖ్యమే. చేతికి వచ్చిన విద్య వాడనిచో మరపునకు వస్తుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తన ప్రాణరక్షణ శిక్షణ కార్డుకు రెండు సంవత్సరాల గడువే విధించినది. గడువు లేని ప్రథమచికిత్స బ్యాడ్జి ఇవ్వడం కంటె ఇవ్వకపోవడమే మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. దానిని నమ్మి ముందుకు వచ్చిన మనిషి నష్టపరచగలడు.

ఇక్కడ చాలమంది భక్తుల మనసులో మెదిలే ప్రశ్న ఒకటి ఉన్నది. ఫలాపేక్ష లేక చేయవలసిన సేవకు బిళ్ళ ఎందుకు? బిళ్ళ కోసం సేవకు వచ్చేవారు పెరుగరా? ఇది కొట్టివేయదగిన సందేహం కాదు. మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మార్క్ లెప్పర్ మరి ఇద్దరితో కలిసి 1973లో ప్రకటించిన ప్రయోగం ఈ విషయంలో ప్రసిద్ధం. బొమ్మలు వేయడంలో సహజంగా ఆసక్తి గల చిన్నపిల్లలను వారు మూడు జట్లుగా చేసిరి. ఒక జట్టుకు, బొమ్మ వేస్తే బంగారు ముద్ర, రిబ్బను గల పత్రం ఇస్తామని ముందే చెప్పిరి. రెండవ జట్టుకు ముందు చెప్పక, పని ముగిసిన తరువాత అదే పత్రం ఇచ్చిరి. మూడవ జట్టుకు ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ళ తరువాత చూడగా, ముందే ఆశ చూపిన జట్టు పిల్లలు బొమ్మలపై గడిపిన కాలం మిగిలినవారిలో సగం మాత్రమే. అనుకోకుండా పత్రం పొందిన పిల్లల ఆసక్తి మాత్రం తగ్గలేదు.

గౌరవం మనిషిని ఎల్లప్పుడూ చెడగొడుతుందని కూడ చెప్పలేము. వేతనం లేని సంపాదకులతో నడిచే వికీపీడియాలో, తోటివారు ఒకరికొకరు ఇచ్చుకొనే పతకాలున్నవి. 2012లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, అత్యధికంగా కృషి చేసే సంపాదకులలో కొందరిని చీట్లు తీసినట్లుగా ఎన్నుకొని అట్టి పతకం ఇచ్చిరి. పతకం అందుకొన్నవారి కృషి తరువాతి 90 దినాలలో, అందుకొననివారి కృషికంటె 60 శాతం అధికంగా ఉన్నది. ఆ పతకం ఎవరూ ఆశించినది కాదు. అది తోటి పనివాని కృతజ్ఞత.

కనుక గీత ఎక్కడ గీయవలెనో ఊహింపవచ్చును. ఇన్ని దినాలు సేవ చేస్తే ఇంత బ్యాడ్జి, ఇన్ని బ్యాడ్జీలకు ప్రత్యేక దర్శనం అనే పద్ధతి పెట్టిన నాడు సేవ బేరంగా మారుతుంది. వెండి, బంగారు అంతరువులు, ఎవరికెన్ని ఉన్నవో చూపే పట్టికలు కూడ అదే దారి. భక్తికి, శ్రమకు కొలత లేదు. వాటికి బ్యాడ్జి ఇవ్వనవసరం లేదు. కొలువదగినది నేర్పు. వాహనం నడిపేవానికి లైసెన్సు బహుమానం కాదు గదా. ఎదుటివాని భద్రత కోసం అడిగే ఆధారం. ప్రథమచికిత్స బ్యాడ్జి కూడ అంతే. పరీక్ష ఇష్టం లేని సేవకునికి బ్యాడ్జి లేకుండానే సేవ చేసే అవకాశం, సమానమైన మర్యాద ఉండితీరవలెను. చెప్పులు భద్రపరచేవానికి ఏ బ్యాడ్జీ లేదని అతని స్థానం తగ్గినట్లు భావిస్తే ఈ ఏర్పాటు చెడిపోయినట్లే.

దాతలు అడుగదగిన ప్రశ్నలు కూడ ఇక్కడనే ఉన్నవి. బ్యాడ్జి బొమ్మకు, సాఫ్ట్‌వేరుకు అయ్యే వ్యయం స్వల్పం. ఉచితంగా లభించే సాధనాలు కూడ కలవు. వ్యయమంతా శిక్షణ బొమ్మలకు, శిక్షకులకు, ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించే కాలానికి అవుతుంది. ముందుగా బ్యాడ్జీల వేదికకు సొమ్ము అడిగి, శిక్షణ సంగతి తరువాత చెప్పే సంస్థను సందేహించడం న్యాయమే. ఎందరికి బ్యాడ్జీలు ఇచ్చిరి అనే లెక్క కంటె, పరీక్షలో ఎందరు తప్పినారు, వారికి మరల శిక్షణ ఇచ్చిరా అనే లెక్క ఎక్కువ విషయం చెబుతుంది. అందరూ నెగ్గే పరీక్ష పరీక్ష కాదు.

ఆచరణలో మన ఊళ్ళకు ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నవి. బ్యాడ్జిని సాధారణంగా ఈమెయిలుకు పంపుతారు. సేవకు వచ్చే పెద్దవయసు స్త్రీలలో చాలమందికి ఈమెయిలు లేదు; ఫోను కుమారునిదో కోడలిదో అయి ఉంటుంది. అట్టివారికి క్యూఆర్ కోడ్ ముద్రించిన కార్డును చేతికి ఇవ్వడమే సుళువు. పేరు మరియొక చిక్కు. మనకు ఇంటిపేరు ముందు. కొన్ని పత్రాలలో అది వెనుకకు పోతుంది, కొన్నింటిలో ఒక్క అక్షరంగా మిగులుతుంది. ఆధార్ కార్డులో ఉన్న తీరునే బ్యాడ్జిలోను వ్రాయించుకొనకపోతే ఉద్యోగం ఇచ్చేవారు ఇద్దరు వేరువేరు మనుష్యులనుకొంటారు. అర్హత వాక్యం తెలుగులోను, ఆంగ్లంలోను ఉండడం మంచిది. మొదటిది సేవకుడు చదువుకొనడానికి, రెండవది ఇతర రాష్ట్రాలవారు చదవడానికి. ఆధార్ సంఖ్యను, ఇంటి చిరునామాను, వ్యాధుల వివరాలను మాత్రం బ్యాడ్జిలో చేర్చనీయరాదు. అది పదిమందీ చూచే వస్తువు.

బ్యాడ్జిని పొందినవారు దానిని తమవద్ద కూడ భద్రపరచుకొనవలెను. మొజిల్లా స్వయంగా నడిపిన ‘బ్యాక్‌ప్యాక్’ అనే బ్యాడ్జీల భాండాగారం కొన్నేండ్లకే మూతపడి, అందులోని బ్యాడ్జీలు మరియొక వేదికకు తరలవలసివచ్చినది. ఇచ్చిన సంస్థ వెబ్‌సైటు నిలిచిపోతే పాత పద్ధతి బ్యాడ్జిని సరిచూచే ఆధారమే పోతుంది. కనుక శిక్షణలో చేరే నాడే, బ్యాడ్జి లోపల డిజిటల్ సంతకం ఉన్నదా అని అడిగి తెలుసుకొనండి. బొమ్మ గల ఫైలును దిగుమతి చేసుకొని సొంత ఈమెయిలులో ఒక ప్రతి, ఇంటిలోని మరియొకరి ఫోనులో ఒక ప్రతి ఉంచండి. పరీక్షకుని సంతకంతో కాగితపు ప్రతి ఒకటి అడిగి తీసుకొని, ఇంటిలోని ముఖ్యపత్రాల సంచిలో దాచండి.