పిల్లలు మాట వినడం లేదా? ముందు వారితో ఆడండి

నాలుగేళ్ళ పిల్లవాడు అన్నం పళ్ళెం తోసేస్తాడు. తల్లి వద్దంటుంది, వాడు వినడు. గొంతు పెంచుతుంది, వాడు నేలమీద పడి దొర్లుతాడు. చివరకు వీపు మీద ఒక దెబ్బ పడుతుంది, లేదా ఇరుగుపొరుగు వింటారన్న భయంతో వాడు అడిగిన బిస్కట్టు చేతికి వస్తుంది. ఏది జరిగినా ఆ పూటకు గొడవ అణిగిపోతుంది. మరునాడు మళ్ళీ అదే గొడవ, నిన్నటికంటే కాస్త పెద్దగా.

ఇటువంటి ఇళ్ళు మన మధ్య ఎన్నో ఉన్నాయి. గారాబం చేసి చెడగొట్టారని బంధువులు అంటారు. దండం దశగుణం భవేత్ అని పెద్దలు సలహా ఇస్తారు. తల్లిదండ్రులు మాత్రం కొట్టి ఒకసారి బాధపడి, ఊరుకుని ఒకసారి బాధపడి, చివరకు అలసిపోతారు. రెండు నుండి ఏడేళ్ళ వయసు పిల్లలున్న ఇటువంటి కుటుంబాల కోసం ఏర్పడిన ఒక చికిత్సను గూర్చి ఈ వ్యాసంలో తెలుసుకుందాం. దాని పేరు పేరెంట్-చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీ. క్లుప్తంగా పి.సి.ఐ.టి. అంటారు. ఇందులో విశేషమేమంటే, తీసుకువచ్చేది పిల్లవాడినే అయినా శిక్షణ పొందేది తల్లిదండ్రులు.

చెవిలో చెప్పే మాట

షీలా ఐబర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఈ పద్ధతిని రూపొందించారు. అంతకుముందు అక్కడే కాన్‌స్టన్స్ హాన్ఫ్ అనే ఆమె తల్లులకు రెండు దశలలో శిక్షణ ఇచ్చేవారు. ఐబర్గ్ దానిని ఆధారం చేసుకున్నారు. ప్రేమ, కట్టుబాటు రెండూ సమానంగా ఉన్న ఇళ్ళలో పిల్లలు బాగా ఎదుగుతారని డయానా బౌమ్‌రిండ్ చేసిన పరిశోధన కూడా ఆమెకు దారి చూపింది. తరువాత ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఆమె ఈ పనిని ఎన్నో ఏళ్ళు కొనసాగించారు.

శిక్షణ జరిగే తీరు ఇది. ఒక గదిలో తల్లి, బిడ్డ బొమ్మలతో ఆడుకుంటూ ఉంటారు. గోడకు ఒక అద్దం ఉంటుంది. అద్దం వెనుక గదిలో కూర్చున్న థెరపిస్టుకు వీరు కనిపిస్తారు, వీరికి ఆయన కనిపించడు. తల్లి చెవిలో ఒక చిన్న పరికరం ఉంటుంది. బిడ్డకు వినబడకుండా థెరపిస్టు ఆమెకు ఎప్పటికప్పుడు చెబుతుంటాడు. "ఇప్పుడు వాడు నెమ్మదిగా ఇచ్చాడు, మెచ్చుకోండి." "ఆ మాట చాలా బాగా అన్నారు." ఈత గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా ఈత రాదు, నీళ్ళలో దిగినప్పుడు పక్కన ఒకరుండాలి. ఇదీ అంతే. పైగా నెలల తరబడి నిందలే విన్న తల్లికి, తాను చేసిన మంచి పనిని ఎవరో గుర్తించి చెప్పడమే ఎంతో ఊరట. ఇప్పుడు ఇంటి నుండే వీడియో ద్వారా కూడా ఈ శిక్షణ ఇస్తున్నారు. 2020లో కోవిడ్ వచ్చాక ఆ విధానం మరింత విస్తరించింది.

గొడవ ఎందుకు పెరుగుతుంది?

అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదని మన సామెత. పిల్లవాడు దీనిని చాలా త్వరగా నేర్చుకుంటాడు. బుద్ధిగా ఆడుకుంటున్నంతసేపు ఇంట్లో ఎవరూ వాడి వైపు చూడరు. గ్లాసు పగలగొడితే అందరూ పరుగెత్తుకు వస్తారు. తిట్టినా సరే, తన వైపు చూశారు కదా అన్నదే వాడి లెక్క.

ఒరెగాన్‌లోనే పనిచేసిన జెరాల్డ్ పాటర్సన్ ఇంకొక సంగతి చూపించారు. పిల్లవాడు కేకలు పెట్టినప్పుడు తల్లి లొంగితే, కేకలకు ఫలితముందని వాడు నేర్చుకుంటాడు. తల్లి అరిచినప్పుడు వాడు లొంగితే, అరుపుకు ఫలితముందని ఆమె నేర్చుకుంటుంది. ఇలా ఒకరికొకరు తెలియకుండానే గొంతు పెంచడం నేర్పుకుంటారు. దీనిని పెద్దవారే ఆపాలి, ఎందుకంటే నాలుగేళ్ళవాడు ఆపలేడు.

మొదటి దశ: రోజుకు ఐదు నిమిషాలు

మొదటి దశలో ఆటను నడిపేది బిడ్డ, వెంట నడిచేది తల్లి లేక తండ్రి. ఇంటి దగ్గర ప్రతిరోజు ఐదు నిమిషాలు ఇలా ఆడాలి. చెక్క దిమ్మెలు, లక్కపిడతలు, రంగు పెన్సిళ్ళు వంటివి చాలు. బంతులు, బొమ్మ తుపాకులు, గెలుపోటములున్న ఆటలు పనికిరావు. ఆ సమయంలో చేయవలసినవి ఐదు.

1. మెచ్చుకోవడం. ఊరికే "శభాష్" అంటే చాలదు. "బొమ్మను జాగ్రత్తగా పెట్టావు, నాకు నచ్చింది" అని, మెచ్చుకున్నది దేనినో బిడ్డకు తెలియజెప్పాలి.

2. బిడ్డ అన్న మాటను తిరిగి అనడం. "ఇది పెద్ద ఇల్లు" అంటే, "అవును, చాలా పెద్ద ఇల్లు" అనాలి. తన మాట విన్నారని వాడికి తెలుస్తుంది.

3. బిడ్డ ఆడినట్టే ఆడడం. వాడు గోడ కడితే మనమూ పక్కన ఒక గోడ కట్టాలి.

4. బిడ్డ చేస్తున్న పనిని పైకి చెప్పడం. "ఎర్ర దిమ్మె మీద నీలం దిమ్మె పెడుతున్నావు" అన్నట్టు.

5. మన సంతోషం మన ముఖంలోనూ, గొంతులోనూ కనిపించనివ్వడం.

మానవలసినవి మూడు: ప్రశ్నలు, ఆజ్ఞలు, తప్పులెన్నడం. "ఇదేం రంగు? అది కాదు, ఇటు పెట్టు. అలాగేనా కట్టేది?" అనే మాటలు మన నోట ఎంత సులువుగా వస్తాయో ఒక్కరోజు గమనిస్తే తెలుస్తుంది. చిన్న చిన్న పేచీలు పెడితే ముఖం పక్కకు తిప్పుకుని, మానగానే మళ్ళీ మాట్లాడాలి. కొట్టడం, వస్తువులు పగలగొట్టడం వంటివి జరిగితే ఆట అక్కడితో ఆపివేయాలి.

శిక్షణలో దీనికి లెక్క కూడా ఉంది. ఐదు నిమిషాలలో పది మెచ్చుకోళ్ళు, పది తిరిగి అనడాలు, పది వర్ణనలు రావాలి. ప్రశ్నలు, ఆజ్ఞలు, విమర్శలు అన్నీ కలిపి మూడింటికి మించకూడదు. అంతవరకు రెండో దశకు వెళ్ళరు.

రెండవ దశ: ఆజ్ఞ

మొక్కై వంగనిది మానై వంగునా అంటాం. నిజమే. కానీ నీరు పోయని మొక్కను వంచబోతే విరుగుతుంది. అందుకే ముందు ఆట, తరువాతనే ఆజ్ఞ.

ఆజ్ఞ ఎలా ఉండాలి? ఒకసారికి ఒక్కటే చెప్పాలి. "బుద్ధిగా ఉండు" అంటే ఏం చేయాలో బిడ్డకు తెలియదు. "నా పక్కన కూర్చో" అంటే తెలుస్తుంది. "పరుగెత్తకు" అనడం కంటే "నా చెయ్యి పట్టుకుని నడువు" అనడం మేలు. "బొమ్మలు సర్దుకుందామా?" అని అడిగితే "వద్దు" అనే అవకాశం మనమే ఇచ్చినట్టు. "ఈ బొమ్మ పెట్టెలో పెట్టు" అని నెమ్మదిగా, మర్యాదగా చెప్పాలి. చెప్పి ఐదు సెకన్లు ఆగాలి. చేస్తే వెంటనే మెచ్చుకోవాలి. చేయకపోతే ఒక్క హెచ్చరిక. అప్పటికీ చేయకపోతే కొద్దిసేపు, సుమారు మూడు నిమిషాలు, కుర్చీలో కూర్చోబెడతారు. తరువాత మొదట చెప్పిన పనినే మళ్ళీ చేయిస్తారు. ఇందులో కేకలు లేవు, దెబ్బలు లేవు. చెప్పిన మాట మారదు. ఈ కుర్చీ పద్ధతిని మాత్రం శిక్షణ పొందినవారి సహాయంతోనే నేర్చుకోవాలి. చదివి సొంతంగా మొదలుపెడితే, అది మరొక పెద్ద పోరాటంగా మారే ప్రమాదముంది.

ఫలితమేమిటి?

సాధారణంగా వారానికొకసారి చొప్పున పన్నెండు నుండి ఇరవై సార్లు ఈ శిక్షణ సాగుతుంది. 2004లో ప్రచురితమైన ఒక పరిశోధన దీని విలువను చాటింది. పిల్లలను తీవ్రంగా కొట్టినట్టు అధికారుల దృష్టికి వచ్చిన 110 మంది తల్లిదండ్రులను అందులో తీసుకున్నారు. రెండేళ్ళకు పైగా గమనించగా, మామూలు తరగతులకు వెళ్ళినవారిలో 49 శాతం మందిపై మళ్ళీ ఫిర్యాదు వచ్చింది. పి.సి.ఐ.టి. పొందినవారిలో అది 19 శాతమే. చేయి చేసుకోవడం అలవాటైన ఇంట్లో కూడా పెద్దవారు మారగలరని దీనివల్ల తెలుస్తోంది.

మనం చేయగలిగింది

ఇటువంటి శిక్షణ అన్ని ఊళ్ళలోనూ దొరకదు. అయినా మొదటి దశలోని ఐదు నిమిషాల ఆటను ఏ ఇంట్లోనైనా మొదలుపెట్టవచ్చు. తండ్రి కూడా తన వంతుగా విడిగా ఆడాలి. నాయనమ్మ, అమ్మమ్మ, తాతయ్య ఉన్న ఇంట్లో వారికీ విషయం చెప్పాలి. తల్లి కాదన్నదానిని మరొకరు చాటుగా ఇస్తే, ఎవరి దగ్గర ఏడవాలో మాత్రమే పిల్లవాడు నేర్చుకుంటాడు.

పిల్లవాడు తనను గాని ఇతరులను గాని గాయపరుస్తున్నా, మాటలు ఆలస్యమైనా, పేరు పెట్టి పిలిస్తే పలకకపోయినా ఆలస్యం చేయక పిల్లల వైద్యునికి చూపించాలి. వినికిడి లోపం వంటి కారణాలు ఉండవచ్చు. కోపం అదుపు తప్పుతోందని మీకే అనిపిస్తే, 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

చివరిగా ఒక మాట. ఈ ఐదు నిమిషాల ఆట బహుమతి కాదు. కనుక అల్లరి చేసినందుకు శిక్షగా దానిని మానివేయకూడదు. పిల్లవాడు అందరినీ విసిగించి, ఎవరికీ వాడి ముఖం చూడాలని అనిపించని రోజున ఆ ఐదు నిమిషాల అవసరం వాడికి మరీ ఎక్కువ.