ఆరింటికి గేటు మూసేలోపు..
కామాఠీపుర నుంచి రాణీబాగ్ దాకా ఓ సాయంత్రం నడక

ముంబయి: మధ్యాహ్నం మూడున్నర దాటింది. పొద్దుటి వాచ్‌మన్ డ్యూటీ దిగి వచ్చిన కాకా కామాఠీపుర గల్లీలోని తన గదిలో టిఫిన్ డబ్బా పెట్టి, ముఖం కడుక్కుని మళ్లీ చెప్పులు తొడిగాడు. ‘‘ఎక్కడికి కాకా?’’ అంటే.. ‘‘రాణీబాగ్‌కు తమ్మీ. వస్తవా? ఆరింటికి గేటు మూస్తరు, జల్ది నడువు’’ అన్నాడు. మేమూ వెంట నడిచాం.

నిజామాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి ముంబయి. మన పల్లెల నుంచి అలా వచ్చినవారెందరో. కామాఠీపుర అనగానే చాలామందికి ఎర్రదీపాల గల్లీలే గుర్తొస్తాయి. కానీ ఆ పేరు మనవాళ్లు పెట్టించిందే. ముంబయి దీవులను కలుపుతూ రోడ్లు, కట్టలు వేసిన కాలంలో.. 18వ శతాబ్దం చివర.. నిజాం రాజ్యం నుంచి వచ్చి రాళ్లు మోసి, ఇళ్లు కట్టిన తెలుగు కూలీలను కామాఠీలు అన్నారు. వాళ్లున్న చోటు కామాఠీపుర అయింది.

నాగపాడా జంక్షన్ దాటి, బైకుల్లా రైలు వంతెన ఎక్కి దిగితే రాణీబాగ్. అరగంట నడక. 1862లో తెరిచిన ఈ తోట అసలు పేరు ఇప్పుడు వీరమాత జీజాబాయి భోసలే ఉద్యాన్. మనవాళ్లకు మాత్రం ఎప్పటికీ రాణీబాగే.

కాకా తండ్రి బట్టల మిల్లులో కార్మికుడు. మొదటి షిఫ్టు దిగిన రోజు కొడుకును వేలు పట్టుకుని ఇక్కడికే తీసుకొచ్చేవాడట. 1982 జనవరి 18న మొదలైన మిల్లుల సమ్మె ఆ షిఫ్టులను, వాటితోపాటు ఎన్నో ఇళ్ల పొయ్యిలను ఆర్పేసింది. సుమారు రెండున్నర లక్షల మంది రోడ్డున పడ్డారు. తండ్రి ఊరికి తిరిగిపోయాడు. కొడుకు తర్వాత మళ్లీ ఇక్కడికే వచ్చాడు. నడక మాత్రం మిగిలింది.

పచ్చగానే ఆశ్వయుజం

వానలు వెనక్కి తగ్గాయి. అక్టోబరు ఎండ చురుక్కుమంటోంది. లోపలికి అడుగుపెట్టగానే చల్లబడింది. ఏనుగు కాలంత మొద్దుతో బావోబాబ్ నిలబడి ఉంది. గోల్కొండ నయాఖిల్లాలోని ఏనుగు చెట్టుదీ ఇదే జాతి. చలి మొదలయ్యాక ఆకంతా రాల్చేస్తుంది. ఇప్పుడప్పుడే ఒకటీ అరా పండుబారుతున్నాయి. కాకా కింద పడిన ఆకొకటి తీసి చూసి, జేబులో వేసుకున్నాడు.

‘‘ఈ నెలల ఊళ్లె తంగేడు, గునుగు కోసం చేను గట్లన్నీ తిరిగేది. ఈడ బతుకమ్మకు దాదర్ మార్కెట్ల బంతిపూలు కొనుడే. గదిల నలుగురం పండుకుంటే కాలు చాపుకొనే జాగ ఉండది. ఈ చెట్టు కిందనే కాలు చాపేది’’ అన్నాడు.

అయిదు నుంచి యాభైకి

ఆ చోటూ ఖరీదైంది. పెంగ్విన్లు వచ్చాక, 2017లో పెద్దలకు అయిదు రూపాయలున్న టికెట్‌ను యాభైకి పెంచారు. ఒకప్పుడు వారంలో నాలుగైదు రోజులు వచ్చే కాకా ఇప్పుడు జీతం అందిన వారంలోనే వస్తున్నాడు. బుధవారం సెలవు. మిగతా రోజుల్లో ఆరింటికే మూత. ఆరింటికి పని దిగేవాడికి ఈ తోట ఉన్నా లేనట్టే.

మనవాళ్లుండే వర్లీ బీడీడీ చాళ్లు 1920ల్లో కట్టినవి. ఒక్కో గది 160 చదరపు అడుగులు. అక్కడ 2025 ఆగస్టులో 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల కొత్త ఇళ్ల తాళాలిచ్చారు. కామాఠీపురలోనూ సుమారు 34 ఎకరాల్లో పాత భవనాలు కూల్చి కొత్తవి కట్టే ప్రణాళిక ఉంది. ఆ మాట ఎత్తితే కాకా నవ్వాడు. ‘‘ఇల్లు పెద్దగైతే మంచిదే తమ్మీ. ఎవలద్దంటరు? కని దిగినంక నడిచే జాగ ఎంతో గూడ రాయాలె కద.’’

చదరపు అడుగుల లెక్క అందరూ అడుగుతున్నారు. నడిచే జాగా లెక్క, పని దిగిన వేళకు తెరిచి ఉండే తోట లెక్క అడిగేవాళ్లే తక్కువ. రాళ్లు మోసి ఈ నగరాన్ని కట్టినవాళ్ల మనవళ్లకు ఓ సాయంత్రం చెట్టునీడ పెద్ద కోరికేం కాదు.

విజిల్ వినిపించింది. కాపలాదారు అందరినీ గేటు వైపు పంపుతున్నాడు. కాకా లేచి పంచె దులుపుకున్నాడు. వంతెన మీద ఆగి చాయ్ తాగుతూ, మళ్లీ వచ్చేది వచ్చే నెల ఒకటో తారీఖు దాటాకేనన్నాడు.