ఒడి దిగిన బిడ్డ



నారు పీకి పొలంలో నాటిన తరువాత మొక్క నాలుగైదు రోజులు వాడి ఉంటుంది. వేరు తొడిగేదాకా మీకు నిద్ర పట్టదు. నీరు ఎక్కువైందా, తక్కువైందా అని గట్టు మీద తిరుగుతూనే ఉంటారు. ఇంట్లో బిడ్డకు కూడా అటువంటి కాలం ఒకటి ఉంది. ఏడాది నిండి ఒడి దిగినది మొదలు మూడేళ్ళు వచ్చేదాకా. తల్లిపాలు ఒక్కటే చాలవు, తనంత తాను తినడం రాదు. నడక వస్తుంది, భయం రాదు.

చిక్కేమంటే, నాట్లు వచ్చేసరికి తల్లి తెల్లవారకముందే పొలానికి పోతుంది. బిడ్డ నాయనమ్మ దగ్గరో, బడి మానిన అక్క చంకలోనో ఉండిపోతాడు. తల్లి తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. ఈలోగా బిడ్డ ఏం తిన్నాడు? ఎవరితో మాట్లాడాడు? ఎక్కడ ఆడాడు? ఈ మూడే ఇవాళ్టి మన విషయం.

మొదటిది తిండి. ఏడాది బిడ్డ పొట్టలో ఒక్కసారికి చిన్న గిన్నెడు అన్నమే పడుతుంది. అంచేత రోజుకు మూడు నాలుగు సార్లు అన్నం, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి పెట్టాలి. రెండేళ్ళు నిండేదాకా తల్లిపాలు మాన్పించకండి. పల్చని చారు పోసిన అన్నం కడుపు నింపుతుందే గాని బలమివ్వదు. గట్టి పప్పు, ఉడికిన తోటకూర గాని మునగాకు గాని, ఒక చెంచా నెయ్యో నూనో వేసి మెత్తగా మెదిపి పెట్టండి. కుదిరితే గుడ్డు పెట్టండి. వేరుశనగలు పొడిచేసి కలపండి. గింజలుగా ఇస్తే గొంతుకు అడ్డం పడతాయి సుమా! టీ అలవాటు చెయ్యకండి, అది ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. బిడ్డకు వేరే గిన్నె పెట్టండి, ఎంత తిన్నాడో అప్పుడే తెలుస్తుంది. పొద్దున వండింది సాయంత్రం దాకా ఉంచకుండా, మధ్యాహ్నం ఇంట్లో ఉన్నవారు కాస్త వేడిగా వండిపెట్టాలి. తినిపించే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

రెండోది మాట. బిడ్డ మెదడు చురుగ్గా పెరిగే కాలం ఇదే. నీళ్ళు పోస్తూ, అన్నం పెడుతూ మాట్లాడండి. "దూడ ఏదిరా? కాకి ఎక్కడుంది?" అని అడగండి. వాడు వేలు చూపిస్తే మీరు పేరు చెప్పండి. ఆటవస్తువులు కొననక్కరలేదు. కొబ్బరిచిప్పలు, గుడ్డబొమ్మలు చాలు. ఊరుకుంటాడు కదా అని సెల్‌ఫోను చేతికివ్వకండి. ఫోను వాగుతుందే గాని బిడ్డ మాటకు బదులు చెప్పదు. ఏడాదిన్నరకు నడవకపోయినా, రెండేళ్ళకు "అమ్మా రా" అని రెండు మాటలు కలపకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా డాక్టరుకు చూపించండి.

మూడోది అపాయం. ఇది మగవారికి చెబుతున్నాను. పురుగుమందు కూల్‌డ్రింకు సీసాలో పోసి మూలన పెట్టకండి. పెట్టెలో పెట్టి తాళం వెయ్యండి. మందు కొట్టి వచ్చి, స్నానం చేసి బట్టలు మార్చాకే బిడ్డను ఎత్తుకోండి. పొరపాటున మింగితే వాంతి చేయించకుండా, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. తొట్టిలో జానెడు నీళ్ళున్నా పసివాడికి ప్రాణగండమే. వాడాక తొట్లు బోర్లించండి, నీళ్ళుంటే మూతలు పెట్టండి.

గ్రామాలలో పనిచేసే కార్యకర్తలకు ఒక మనవి. మన దేశంలో 1975 అక్టోబరు 2 నుంచి అంగన్‌వాడీలు ఉన్నాయి. నెలనెలా బిడ్డను అక్కడ తూయించమని చెప్పండి. జబ్బ చుట్టూ కొలిచినప్పుడు 12.5 సెంటీమీటర్లకు తక్కువైతే బిడ్డ చిక్కినట్టు. 11.5కి తక్కువైతే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పంపాలి. అక్కడ ఇచ్చే బాలామృతం పొట్లం బిడ్డదే. పెద్దల ఫలహారం కాదు, గేదె దాణా అంతకన్నా కాదు.

మరి నాట్లు మానుకోమంటారా అని అడుగుతారు. మానుకోనక్కరలేదు. ముఠాలో పదిమంది పోతే, అందులో నమ్మకమైన ఒకామెను పిల్లల దగ్గర ఉంచండి. చెట్టు నీడ, కాచి చల్లార్చిన నీళ్ళు, వేళకు తిండి ఆమె చూస్తుంది. ఆమె కూలి పొలం రైతు ఇవ్వడం న్యాయం. తల్లి మనసు కుదుటపడితే నాటు కూడా చురుగ్గా సాగుతుంది. అక్కను బడి మాన్పించే పనీ ఉండదు.

ఈ ఏటి పంట పోతే వచ్చే ఏడు మళ్ళీ వేస్తాం. బిడ్డకు రెండో ఏడు మళ్ళీ రాదు. రేపు పొలానికి బయలుదేరేముందు ఆ మూడు ప్రశ్నలూ ఒకసారి వేసుకోండి. సెలవు.