మల్లుని వృత్తి
వన్ టౌన్ నుండి సముద్రపుటొడ్డున ఉత్తరముగా సాగినచో, బీచి రోడ్డుపై కోడి రామమూర్తినాయుడు గారి విగ్రహము కానవచ్చును. వీరఘట్టమున జన్మించిన ఆయన విజయనగరమున కుస్తీ నేర్చి, మద్రాసులో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరములోనే బడిపిల్లలకు వ్యాయామోపాధ్యాయులైనారు. పిదప ఉద్యోగము విడిచి, సర్కసు స్థాపించి, బలప్రదర్శననే వృత్తిగా గైకొన్నారు. ఛాతిపై ఏనుగును నిలుపుకొనుట, భుజములకు చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి పూరించి తెంచుట ఆయన ప్రదర్శనలు.

నేడు కళాశాల మల్లులు మిశ్రమ యుద్ధక్రీడలలో ప్రవేశించి, డబ్బుకు పోరుటయు ఇట్టి మార్పే. విద్యార్థికి కుస్తీ వ్యాయామము. వృత్తిమల్లునికి దేహమే పెట్టుబడి. ఆ పెట్టుబడి తరుగక మానదు. రామమూర్తిగారు తుదకు శస్త్రచికిత్సలో కాలు కోల్పోయి, 1942లో కన్నుమూసినారు. బలమును మెచ్చు మనము, అది ఉడిగిననాటి మల్లుని బ్రతుకును గూడ తలచవలెనని మా మనవి.