ద్రాక్ష కత్తిరింపు పుల్లలు అమ్మాలా, తోటలోనే ఉంచాలా?



ఏప్రిల్ కత్తిరింపు అయ్యాక ద్రాక్ష పందిరి కింద ఎక్కడ చూసినా పుల్లలే. చాలామంది వాటిని గట్టు మీదకి లాగి అగ్గి పెట్టేస్తారు. నేను ముక్కలు కొట్టి మొదళ్ల దగ్గర ఆచ్ఛాదనగా పరుస్తాను. ఈ మధ్య కొందరు "అన్నా, ఆ పుల్లల్లో మందు ఉందంట, కంపెనీలు కొంటాయంట, నిజమేనా?" అని అడుగుతున్నారు.

మందు ఉన్నమాట నిజమే. దాని పేరు రెస్వెరట్రాల్. ద్రాక్షలో ఇది ఉందని 1976లో తేలింది. బూజు లాంటి శిలీంధ్రాలు మీద పడినప్పుడు తీగ తనను తాను కాపాడుకోవడానికి తయారుచేసుకునే పదార్థం ఇది. దీని వంశంలోదే వినిఫెరిన్ కూడా. పండు తొక్కలోనే కాదు, ముదురు పుల్లలోనూ ఇవి ఉంటాయి.

మనకు ఇందులో ఆసక్తి ఎందుకంటే, సేంద్రియ ద్రాక్షలో బూజు తెగులుకు ఇప్పటికీ బోర్డో మిశ్రమమే దిక్కు. అందులోని రాగి నేలలో పేరుకుపోతుంది, వానపాములకు చేటు. అందుకే యూరప్‌లో హెక్టారుకు 7 ఏళ్లలో 28 కిలోల రాగి మించకూడదని 2019 నుంచి హద్దు పెట్టారు. మన లెక్కలో ఎకరాకు ఏడాదికి సుమారు 6 కిలోల మైలుతుత్తం, అంతే! ఫ్రాన్స్‌లో పుల్లల సారాన్ని బూజు తెగులు మీద పరీక్షించడానికి ఇదే కారణం.

"అయితే కషాయం కాచుకుంటే పోదా?" అనుకోవద్దు. రెస్వెరట్రాల్ నీళ్లలో చాలా తక్కువ కరుగుతుంది. పుల్లను పొడి చేసి, నీళ్లు కలిపిన ఆల్కహాల్‌లో వేడిచేసి, వడకట్టి, ఆల్కహాల్‌ను మళ్లీ ఆవిరి పట్టి వెనక్కి తీస్తారు. ఆ ఆవిరి అంటుకుంటే ప్రాణాల మీదకి వస్తుంది. అది ఫ్యాక్టరీ పని, ఇంటి దగ్గర వద్దు.

ఇంకో విచిత్రం. కోసిన పుల్ల వెంటనే చచ్చిపోదు. చలికాలంలో కోసి, 15–20 డిగ్రీల చల్లదనంలో కొన్ని వారాలు నిల్వ ఉంచితే రెస్వెరట్రాల్ చాలా రెట్లు పెరిగిందని ఫ్రాన్స్, చిలీ ప్రయోగాల్లో చూశారు. మన ఏప్రిల్ ఎండలకు ఆ లెక్క పెట్టుకోలేం. ఎవరైనా కొంటామంటే మాత్రం పుల్లను నీడలోనే ఆరబెట్టండి, ఎండకు ఆ పదార్థం మారిపోతుంది.

ఇక అమ్మకం సంగతి. బాగున్న పుల్లలోనైనా కిలో ఎండు పుల్లకు వచ్చేది కొద్ది గ్రాములే. అంటే మిగతా తొమ్మిది వందల తొంభై పైచిలుకు గ్రాములు పిప్పిగా మిగులుతుంది. నేలకు కావలసిన కర్బనమంతా అందులోనే ఉంది. కాబట్టి కొనేవాళ్లు వస్తే రేటు కంటే ముందు "పిప్పి వెనక్కి ఇస్తారా?" అని అడగండి. ఇస్తామంటే బేరం ఆడొచ్చు. ఇవ్వమంటే, లారీ ఖర్చు, కూలీ పోను మిగిలే డబ్బుకి నా తోట కర్బనాన్ని నేనైతే అమ్మను. రసాయన మందులు కొట్టని పుల్ల మనది, ఆ మాట కూడా బేరంలో గట్టిగా చెప్పండి.

పక్షి కన్ను తెగులు మచ్చలున్న పుల్లలు, ఎండు తెగులు పట్టిన కొమ్మలు ఆచ్ఛాదనకు పనికిరావు. వాటిని విడిగా ఏరి, తోట బయట కాల్చేయండి. మిగతావి రెండంగుళాల ముక్కలు కొట్టి, పైన జీవామృతం చల్లే పద్ధతి వీడియోలో చూపించాను.