అప్పు వేరు, సాయము వేరు

భూతాపమునకు ముఖ్యకారకులు ధనిక దేశములు. వానల వరుస తప్పి నష్టపడునది మెట్టరైతు. అందుచేత బీద దేశములకు 2020 నాటికి ఏటేట 10,000 కోట్ల డాలర్లు సమకూర్తుమని 2009లో కోపెన్‌హేగెన్ సభయందు ధనిక దేశములు మాట యిచ్చినవి. అది 2022లో గాని నెరవేరలేదు. అందును అప్పులే హెచ్చు. పొలము ముంచినవాడే వడ్డీ కప్పిచ్చినట్లున్నది!

వాతావరణ మార్పును తట్టుకొనుటకై మన కేంద్రప్రభుత్వము 2015లో స్వంత నిధి నెలకొల్పి, నిర్వహణము నాబార్డున కప్పగించెను. ఐటీ సౌధముల నడుమ గచ్చిబౌలిలో నున్న పర్యావరణ పరిరక్షణ శిక్షణ పరిశోధన సంస్థ ఆ నిధితో మహబూబ్‌నగర్ జిల్లా రైతులకై పథకము చేపట్టెను. అది గ్రాంటు, అప్పు కాదు.

ఇట్టి పథకము మీ యూరికి వచ్చినపుడు “ఇది గ్రాంటా, అప్పా?” యని సంఘసభలో మొదట అడుగుడు. చెరువు పూడిక, కరవునకు తాళు విత్తనము మున్నగు నవసరములను ముందే తీర్మానించి యుంచుడు.