వెబ్ ఆప్షన్లు: సీటు కేటాయింపు ఎలా జరుగుతుంది?

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• కన్వీనర్ కోటా ప్రవేశాలలోని దశలను వరుసగా చెప్పగలుగుతారు.
• ర్యాంకుకూ ఆప్షన్ల క్రమానికీ గల సంబంధాన్ని వివరించగలుగుతారు.
• మీ ఇంట్లోని లేదా ఊళ్లోని విద్యార్థికి ఆప్షన్ల జాబితా తయారుచేయడంలో సహాయపడగలుగుతారు.

1. పరిచయం

ఇంటర్మీడియట్ పూర్తయిన విద్యార్థి ఇంజనీరింగ్‌లో చేరాలంటే తెలంగాణలో టీజీ ఈఏపీసెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఈఏపీసెట్ రాయాలి. ఒకప్పుడు ఎంసెట్‌గా పిలిచిన పరీక్ష ఇదే. ర్యాంకు వచ్చాక అసలు ప్రశ్న మొదలవుతుంది: ఏ కళాశాలను ముందు పెట్టాలి? మీలో చాలామంది ఉద్యోగం చేస్తూ, కుటుంబ బాధ్యతలు మోస్తూ చదువుకుంటున్నవారే. ఇంట్లో తమ్ముడో, చెల్లెలో, కూతురో ఈ ప్రశ్నతో మీ దగ్గరకే వస్తారు. సమాధానం తెలియాలంటే కేటాయింపు జరిగే పద్ధతి తెలియాలి.

2. ప్రవేశ ప్రక్రియలో దశలు

ప్రక్రియ సాధారణంగా ఈ క్రమంలో సాగుతుంది: ఫీజు చెల్లించి నమోదు కావడం, ధ్రువపత్రాల పరిశీలన, వెబ్ ఆప్షన్లు ఇవ్వడం, తాత్కాలిక సీటు కేటాయింపు, ఫీజు చెల్లించి రిపోర్ట్ చేయడం. మార్కుల మెమోలు, టీసీ, స్టడీ సర్టిఫికెట్లతో పాటు, అవసరమైనవారు కుల, ఆదాయ ధ్రువపత్రాలను ముందే సిద్ధం చేసుకోవాలి. రిజర్వేషన్ వర్గం ధ్రువపత్రంతోనే నిర్ణయమవుతుంది కనుక, అది సమయానికి లేకపోతే ఆ వర్గం సీట్లకు విద్యార్థిని పరిగణించరు.

3. కేటాయింపు సూత్రం

కంప్యూటర్ కళాశాలల వారీగా కాక, విద్యార్థుల వారీగా పని చేస్తుంది. మొదట ఉత్తమ ర్యాంకు గల విద్యార్థి జాబితాను తెరిచి, పై నుంచి కిందికి చూస్తుంది. ఆ విద్యార్థికి అర్హత ఉండి, సీటు ఖాళీగా ఉన్న మొదటి ఆప్షన్‌ను కేటాయిస్తుంది. ఆ తరువాతే తదుపరి ర్యాంకుకు వెళుతుంది.

దీని నుంచి ఒక ముఖ్యమైన ఫలితం వస్తుంది. ఒక కళాశాలను మొదటి ఆప్షన్‌గా పెట్టినంత మాత్రాన అక్కడ ప్రాధాన్యం పెరగదు. కష్టమైన కళాశాలను మొదట పెట్టినందువల్ల కింది ఆప్షన్లలో అవకాశం తగ్గదు.

4. ఉదాహరణ

ఒకే వర్గానికి చెందిన ముగ్గురు విద్యార్థులనూ, ఒక్కొక్క సీటు మాత్రమే మిగిలిన అ, ఆ, ఇ అనే మూడు కళాశాలలనూ ఊహించండి.

క (ర్యాంకు 12,000): అ, ఆ
గ (ర్యాంకు 15,000): అ, ఆ, ఇ
చ (ర్యాంకు 18,000): ఆ, ఇ

ముందుగా ‘క’కు అ కళాశాల వస్తుంది. ‘గ’ మొదటి ఆప్షన్ నిండిపోయింది కాబట్టి రెండవదైన ఆ వస్తుంది. ‘చ’ ఆ కళాశాలను మొదట పెట్టినా, ర్యాంకు వెనుక ఉన్నందున ఇ కళాశాలే దక్కుతుంది.

ఇప్పుడు ‘గ’ భయపడి, “అ ఎలాగూ రాదు” అని దానిని వదిలేశాడనుకోండి. అదే సమయంలో ‘క’ వేరే సంస్థలో చేరి ఈ ప్రక్రియ నుంచి తప్పుకున్నాడనుకోండి. అ సీటు ఖాళీగా ఉన్నా ‘గ’కు రాదు. అడగని సీటును ఎవరూ ఇవ్వరు.

5. జాబితా తయారీలో గమనించవలసినవి

• నిజమైన ఇష్టం ప్రకారమే క్రమం రాయండి. గత సంవత్సరపు చివరి ర్యాంకులు జాబితా ఎంత పొడవు ఉండాలో తెలుపుతాయి; క్రమాన్ని అవి నిర్ణయించకూడదు.
• చివరి ర్యాంకు చూసేటప్పుడు అదే కళాశాల, అదే బ్రాంచి, అదే వర్గం చూడండి. సీట్ల సంఖ్య మారితే ఆ ర్యాంకూ మారుతుంది.
• జాబితా చిన్నదైతే అసలు సీటే రాకపోవచ్చు. చేరడానికి సిద్ధంగా ఉన్నవన్నీ రాయండి. చేరే ఉద్దేశం లేనిది రాయవద్దు.
• ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా సీట్లకు వర్తిస్తుంది, మేనేజ్‌మెంట్ కోటాకు వర్తించదు. తొందరపడి మేనేజ్‌మెంట్ సీటుకు డబ్బు కట్టే ముందు కుటుంబం ఈ విషయం గుర్తుంచుకోవాలి.

6. తదుపరి విడత

సీటు వచ్చినవారు మెరుగైన సీటు కోసం మళ్లీ ఆప్షన్లు ఇవ్వవచ్చు. అయితే కొత్త సీటు వస్తే పాతది రద్దయి వెనుకనున్నవారికి వెళుతుంది. తిరిగి కోరే హక్కు ఉండదు. అందువల్ల ఈ విడతలో ఇప్పటి సీటుకన్నా నిజంగా మెరుగైనవాటినే రాయాలి. అలాగే గడువులోగా ఫీజు చెల్లించకపోతే కేటాయించిన సీటు కూడా పోతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పై ఉదాహరణలో ‘చ’ ఇ కళాశాలను రాయకపోతే ఏమవుతుంది?
2. “మొదటి ఆప్షన్ పెట్టినవారికే కళాశాల ముందు ఇస్తుంది” అనే మాట సరైనదేనా? కారణం రాయండి.

సారాంశం

సీటును నిర్ణయించేవి ర్యాంకు, వర్గం, అప్పటికి మిగిలిన ఖాళీలు. విద్యార్థి చేతిలో ఉన్నది జాబితా ఒక్కటే. అందులో ఇష్టాన్ని ఉన్నది ఉన్నట్టు రాయడమే సరైన పద్ధతి.

సమాధానాలు: 1. ఆ విడతలో సీటు రాదు. 2. సరైనది కాదు, ర్యాంకు క్రమంలోనే జాబితాలను పరిశీలిస్తారు.